ఉద్యోగ దరఖాస్తులో మగ్గము పని: మన పిల్లలు రెజ్యూమే వ్రాయవలసిన విధము

మన నేత కుటుంబములలో ఒకప్పుడు ఉద్యోగము కొరకు కాగితము వ్రాసికొనవలసిన అవసరమే లేదు. తండ్రి మగ్గము కుమారునికి వచ్చెడిది. కండెలు చుట్టుట, ఆసు పోయుట కుమార్తె తల్లి దగ్గర నేర్చుకొనెడిది. ఎవరి చేయి ఎట్టిదో వీధివారందరికి తెలియును గనుక, ఒకరు సాక్ష్యము చెప్పవలసిన పని లేకుండెను. నేడు కాలము మారినది. సోలాపూరు, భివండీలలోను, సేలం, కాంచీపురములలోను, మొలకాల్మూరు ప్రాంతమునను, బరంపురమునందును, యానాములోను స్థిరపడిన మన వారి పిల్లలు చదువుకొని దుకాణములకు, మిల్లులకు, ఎగుమతి సంస్థలకు, కంప్యూటరు కార్యాలయములకు దరఖాస్తులు పెట్టుకొనుచున్నారు. అక్కడ వారిని ఎరిగిన వారెవరును ఉండరు. వారి తరఫున మాట్లాడునది ఒకటి రెండు పుటల కాగితము మాత్రమే. దానిని రెజ్యూమే అందురు. మన వాడుకలో బయోడేటా అని కూడ అనుచున్నాము.

ఇట్టి కాగితములను సరిచూడుమని యువతీ యువకులు మా సంఘ కార్యాలయమునకు తెచ్చుచుందురు. వానిలో మాకు మరల మరల కనబడు లోపము ఒకటి కలదు. చదువుకొనుచునే నాలుగైదేండ్లు మగ్గముపై కూర్చున్న పిల్లవాడు కూడ "అనుభవము" అను శీర్షిక క్రింద "లేదు" అని వ్రాయుచున్నాడు. ఆ ఒక్క మాటతో అతడు తన శ్రమను, తన తండ్రి నేర్పిన విద్యను కొట్టివేసికొనుచున్నాడు. కాగితము చదువు యజమానికి ఇతడు బడి తప్ప మరేమియు ఎరుగని వాడుగా కనబడును. మగ్గము పని కూడ పనియే; దానిని లెక్కతో, నిజముగా, చదువు వారికి తెలియు మాటలలో వ్రాయవలెను. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ముఖ్య విషయమిదే.

నేతవారి పత్రికలో ఉద్యోగ దరఖాస్తుల మాట ఏల, పిల్లలను మగ్గము విడిచి పొమ్మని మనమే చెప్పుటయా అని కొందరు పెద్దలు అడుగవచ్చును. మగ్గము విడువుడని మేము ఎవరికిని చెప్పుట లేదు. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారము దేశములో 35.22 లక్షల మంది ఈ వృత్తిలో ఉన్నారు. ఈ పని నిలువవలెననియే మన సంఘములు పాటుపడుచున్నవి. కాని ఒక ఇంటిలో ముగ్గురు పిల్లలుండి మగ్గము ఒక్కటే అయినప్పుడు ఇద్దరు బయటకు పోవుట సహజము. పోవువారు రిక్తహస్తములతో పోరాదు. మగ్గము దగ్గర నేర్చినది వారికి వెంట వచ్చు ఆస్తి.

రెజ్యూమే అనగా ఏమి

ఈ మాట ఫ్రెంచి భాషనుండి వచ్చినది. సంక్షేపము అని దాని అర్థము. జీవిత చరిత్ర అంతయు వ్రాయుట కాదు. యజమానికి కావలసిన మేరకు మాత్రమే ఏర్చి కూర్చి చెప్పుట. ఈ సూక్ష్మమును గ్రహించిన వారిలో ఇటలీ దేశపు చిత్రకారుడు లియొనార్డో డా విన్చి ఒకడు. 1482 ప్రాంతమున ఆయన మిలాను నగర ప్రభువైన లుదోవికో స్ఫోర్జా కొలువు కోరి ఒక ఉత్తరము సిద్ధము చేసికొనెను. ఆ ప్రభువుకు అప్పటి అవసరము యుద్ధ సామగ్రి. కనుక లియొనార్డో తేలికగా మోసికొనిపోదగిన వంతెనలను, ఫిరంగులను, కోటలను పడగొట్టు ఉపాయములను ఒక్కొక్కటిగా చెప్పి, లోకమంతయు నేడు ఆయనను ఎరుగునట్టి చిత్రలేఖనమును చిట్టచివర పేర్కొనెను. తనకు ఏది ఇష్టమో దానిని గాక, ఎదుటివారికి ఏది కావలెనో దానిని ముందు పెట్టెను. మన పిల్లలు నేర్వవలసిన మొదటి పాఠము ఇదియే.

ఇంకొక మాట. ప్రభుత్వోద్యోగములకు సాధారణముగా నిర్ణీతమైన ఫారము ఉండును. అచట ఫారములో అడిగినదే నింపవలెను. రెజ్యూమే ముఖ్యముగా ప్రైవేటు సంస్థలకు ఉపయోగించును.

పేరు, ఊరు

పేరు విషయములో ఇతర రాష్ట్రములలో ఉన్న మన వారికి ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఆంధ్ర, తెలంగాణములలో ఇంటిపేరు ముందు వ్రాయుదుము. మహారాష్ట్రములో ముందు తన పేరు, తరువాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు వ్రాయుదురు. తమిళనాడులో చాలమంది తండ్రి పేరులోని మొదటి అక్షరము మాత్రమే ఉంచుకొని, ఇంటిపేరు వదలివేయుదురు. అందుచేత ఒక తాత మనుమలు సోలాపూరులో ఒకరు, సేలములో ఒకరు ఉన్నచో కాగితముల మీద వారికి ఏ సంబంధమును కనబడదు. అంతకంటె చిక్కేమనగా, ఒకే పిల్లవాని పేరు బడి పత్రములో ఒక రీతిగాను, ఆధారు కార్డులో ఇంకొక రీతిగాను, బ్యాంకు పుస్తకములో మరొక రీతిగాను ఉండును. ఉద్యోగము వచ్చిన తరువాత జీతము ఖాతా తెరచునప్పుడు, భవిష్యనిధిలో చేర్చునప్పుడు ఇది అడ్డు వచ్చును.

కనుక 10వ తరగతి ధ్రువపత్రములో ఉన్న పేరునే, అదే వర్ణక్రమముతో రెజ్యూమేలో వ్రాయవలెను. మిగిలిన కార్డులను దానికి సరిపడునట్లు ముందుగానే దిద్దించుకొనవలెను. ఉద్యోగము వచ్చిన వారమున పరుగెత్తుటకంటె ఇప్పుడే ఆ పని చూచుకొనుట మేలు.

ఊరి పేర్లును ఇట్లే. పాండిచ్చేరి 2006లో పుదుచ్చేరి అయినది. ఒరిస్సా 2011లో ఒడిశా అయినది. కర్ణాటకములో 2014లో బెంగుళూరు, బెల్గాం, బళ్ళారి మొదలగు ఊర్ల పేర్ల ఇంగ్లీషు వర్ణక్రమము మారినది. పాత పత్రములో పాత పేరు ఉన్నను భయపడనక్కర లేదు; చిరునామాలో మాత్రము నేటి పేరు వ్రాయవలెను. యానాము వారు ఊరి పేరుతో నిలిపివేయక "పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతము" అని తప్పక చేర్చవలెను. లేనిచో దూరమున నున్న యజమాని దానిని ఆంధ్రప్రదేశములోని ఊరుగా భావించును.

పేరు క్రింద ఒక టెలిఫోను నెంబరు, ఒక ఈమెయిలు చిరునామా చాలును. ఆ నెంబరు పగటిపూట ఎవరో ఒకరు పలుకునదై ఉండవలెను. ఈమెయిలు చిరునామా సినిమా కథానాయకుని పేరుతో గాక తన పేరుతో ఉండుట మర్యాద.

చదువు వ్రాయుటలో జాగ్రత్త

చదువును చివరిది ముందుగాను, మొదటిది చివరగాను వ్రాయుట నేటి పద్ధతి. పరీక్ష పేరు, బోర్డు లేక విశ్వవిద్యాలయము పేరు, ఉత్తీర్ణుడైన సంవత్సరము, మార్కులు వ్రాయవలెను. ఇక్కడ ఒక పొరపాటు జరుగుచున్నది. ఒడిశాలో హెచ్.ఎస్.సి. అనగా 10వ తరగతి. మహారాష్ట్రములో హెచ్.ఎస్.సి. అనగా 12వ తరగతి. కర్ణాటక, తమిళనాడులలో 10వ తరగతిని ఎస్.ఎస్.ఎల్.సి. అందురు. కర్ణాటకములో 12వ తరగతికి సమానమైనది పి.యు.సి.; మన తెలుగు రాష్ట్రములలో దానినే ఇంటర్మీడియటు అందురు. బరంపురము పిల్లవాడు ముంబయికి దరఖాస్తు పంపి ఉత్త హెచ్.ఎస్.సి. అని వ్రాసినచో, వారు అతడు 12 చదివెనని తలంచి, పత్రము చూచిన తరువాత అబద్ధమాడినాడని అనుకొందురు. పిల్లవాని తప్పు ఏమియు లేదు. అక్షరములు మోసము చేసినవి. కనుక ఆ అక్షరముల ప్రక్కనే "10వ తరగతి", "12వ తరగతి" అని స్పష్టముగా వ్రాయవలెను.

సేలం, బార్గఢ్, గదగ్, వెంకటగిరి మొదలగు చోట్ల నున్న చేనేత సాంకేతిక విద్యాసంస్థలలో డిప్లొమా చదివిన వారు దానిని పైననే పేర్కొనవలెను. బడిలో గాక పనిలో నేర్చిన నేర్పును పరీక్షించి ధ్రువపత్రమిచ్చు ఏర్పాటు 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో చేయబడినది. అట్టి పత్రము పొందిన వారు దానిని పెట్టె అడుగున దాచక చదువు క్రిందనే వ్రాయవలెను.

మగ్గము పనిని వ్రాయు విధము

ఇక ముఖ్య విషయమునకు వత్తుము. మన పిల్లలు వ్రాయు వాక్యము సాధారణముగా ఇట్లుండును: "నేత పనిలో తండ్రికి సహాయము చేసినాను." ఈ వాక్యములో అబద్ధము లేదు, కాని విషయమును లేదు. ఎంత కాలము, ఏ మగ్గము, ఏ నూలు, ఏ బట్ట, ఎంత పని, ఏమి బాధ్యత అను ఆరు ప్రశ్నలకు సమాధానము దానిలో కనబడదు. అదే పిల్లవానిని కూర్చుండబెట్టి ఈ ఆరింటిని అడిగినచో, ఉదాహరణకు ఇట్లు తేలును:

"2019 జూన్ నుండి 2023 మార్చి వరకు, కళాశాల వేళలు పోగా, ఇంటి గుంట మగ్గముపై 80 నెంబరు నూలుతో జాకార్డు అంచు చీరలు నేసినాను. నెలకు సగటున 6 చీరలు. పడుగు అతుకుట, జాకార్డు అట్టలు ఎక్కించుట స్వయముగా చేయగలను. సంఘమునుండి తెచ్చిన నూలు తూకమును, అప్పగించిన చీరల లెక్కను నాలుగేండ్లు పుస్తకములో వ్రాసి ఉంచినాను."

మనిషి ఒక్కడే, పని ఒక్కటే. మొదటి వాక్యము చదివినవారు దాటిపోవుదురు; రెండవది చదివినవారు ఆగుదురు. నాలుగేండ్లు ఒక పనిని విడువక చేసినవాడు, లెక్క వ్రాయుట తెలిసినవాడు, యంత్రము తానే సవరించుకొనగలవాడు అని వారికి అర్థమగును.

మరమగ్గముల షెడ్డులో పని చేసినవారు ఒక్కసారి ఎన్ని మగ్గములు చూచుకొనెడివారో, ఏ బట్ట నడచెడిదో, రాత్రి పాళీ చేసిరో లేదో, చిన్న మరమ్మతులు జాబరు రాకముందే తామే చేసికొనెడివారో లేదో వ్రాయవలెను. నేసిన బట్టకు పేరున్నచో ఆ పేరు తప్పక చెప్పవలెను. సోలాపూరు చద్దరు, మొలకాల్మూరు చీర, ఇల్‌కల్ చీర, బరంపురము పట్టు భౌగోళిక గుర్తింపు పొందినవి. బట్టల వ్యాపారములో ఉన్నవారికి ఆ పేర్లు తెలియును. "చీరలు నేసినాను" అనుటకును, "మొలకాల్మూరు పట్టుచీరలు నేసినాను" అనుటకును చాల భేదము కలదు.

ఆడపిల్లల పని

మన ఆడపిల్లల కాగితములు చూచినప్పుడు మాకు ఇంకను బాధ కలుగును. పైన చెప్పిన గణన ప్రకారమే చేనేత పనివారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలు. అయినను వారు చేయు పనిని ఇంటిలో "సాయము" అనియే పిలుచుచున్నాము. చిలపలు విప్పుట, కండెలు చుట్టుట, ఆసు పోయుట, గంజి పెట్టుట, రంగు అద్దుట, నేసిన చీరను వెలుతురులో పట్టి తప్పులు వెదకుట, మడత పెట్టి లెక్క చూచుట - ఇవన్నియు వేరు వేరు పనులు. మిల్లులో వీనికి వేరు వేరు మనుష్యులు, వేరు వేరు జీతములు కలవు. ఇంటిలో కూలి చేతికి అందలేదు గనుక అది అనుభవము కాదని తలంచుట పొరపాటు. జీతము లేని పనిని "కుటుంబ వృత్తిలో" అని స్పష్టముగా చెప్పి, చేసినది చేసినట్లు వ్రాయవచ్చును. అందులో సిగ్గుపడవలసినది లేదు, దాచవలసినది లేదు.

ఈ మధ్య అనేక మంది అమ్మాయిలు చీరల ఛాయాచిత్రములు తీసి వాట్సాపు ద్వారా పంపి ఆర్డర్లు తెచ్చుచున్నారు. కొనువారితో మాట్లాడుట, డబ్బు అందినదో లేదో చూచుట, పార్సిలు కట్టి పంపుట వారే చేయుచున్నారు. అది వ్యాపారానుభవము. నెలకు సగటున ఎన్ని ఆర్డర్లో, ఏ ఊర్లకు పంపిరో వ్రాసినచో అమ్మకముల ఉద్యోగమునకు అంతకంటె మంచి సాక్ష్యము ఉండదు.

ఏ ఉద్యోగమునకు ఏ మాట

మన మాటలు బయటివారికి తెలియవు. "ఆసు పోయుట వచ్చును" అని దుకాణము మేనేజరుకు వ్రాసినచో అతనికి బోధపడదు. కనుక మన పనిని వారి మాటలలోనికి మార్చి చెప్పవలెను. తెగిన పడుగు పోగును, తప్పిన పేకను కనిపెట్టుట మిల్లువారి భాషలో క్వాలిటీ చెకింగు. నూలు తెచ్చిన తూకము, బట్ట ఇచ్చిన తూకము, పోయిన తరుగు లెక్కించుట స్టాకు లెక్క. నమూనా ప్రకారము రంగు కలిపి తెచ్చుట షేడ్ మ్యాచింగు. అడిగిన తేదీకి చీర దించి అప్పగించుట గడువులోపల పని పూర్తి చేయుట. మాట మార్చుటయే గాని పని మార్చరాదు.

ఉద్యోగ ప్రకటనను రెండు మూడు సార్లు చదివి, వారు ఏమి అడిగిరో గీత గీసి, ఆ పనికి సంబంధించిన అనుభవమును ముందు పెట్టవలెను. తువ్వాళ్ళ కర్మాగారములో వస్త్ర పరిశీలకుని ఉద్యోగమైనచో నేత తప్పులు కనిపెట్టు నేర్పు ముందు రావలెను. గిడ్డంగి గుమాస్తా ఉద్యోగమైనచో నూలు లెక్క ముందు రావలెను. చీరల దుకాణమైనచో బట్ట గుణము కొనువారికి వివరించగల శక్తి ముందు రావలెను. ఒకే కాగితమును పదిమందికి పంపుట సులభమే; కాని ఒక్కొక్కరి కొరకు నాలుగు పంక్తులు మార్చి పంపినదే చదువబడును. పెద్ద సంస్థలలో నేడు మొదట కంప్యూటరే ఈ కాగితములను వడపోయుచున్నది. ప్రకటనలో ఉన్న మాటలే, తనకు నిజముగా వర్తించిన మేరకు, రెజ్యూమేలోను ఉన్నచో ఆ వడపోతలో నిలుచును.

భాషలు

భాషల విషయములో మన పిల్లలు ధనవంతులు. సోలాపూరు పిల్లవానికి ఇంట తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ, చదువులో కొంత ఇంగ్లీషు వచ్చును. బరంపురము పిల్లకు తెలుగు, ఒడియా, హిందీ వచ్చును. కాని మనవారు దీనిని ఒక వరుసలో "నాలుగు భాషలు వచ్చును" అని ముగించుచున్నారు. మాట్లాడుట, చదువుట, వ్రాయుట వేరు వేరుగా చెప్పవలెను. ఇతర రాష్ట్రములలో మన పిల్లలు చాలమంది తెలుగు చక్కగా మాట్లాడుదురు గాని చదువలేరు. అట్లే వ్రాయవలెను. హైదరాబాదు, విజయవాడ వ్యాపారులతో లావాదేవీలున్న సంస్థకు తెలుగు మాట్లాడగలవాడు అవసరమగును. ఇంటిభాష కూడ అన్నము పెట్టునని ఇప్పుడైనను మనము గుర్తింపవలెను. ఇంతలో తెలుగు అక్షరములు కూడ నేర్చుకొన్నచో మరియు మంచిది.

ఖాళీగా కనబడు సంవత్సరములు

చదువు ఆగిపోయి, మరల మొదలైన సంవత్సరములు మన ఇండ్లలో సాధారణము. ముఖ్యముగా 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌన్ వచ్చినప్పుడు అనేక మగ్గములు నిలిచిపోయి, కొందరు పిల్లలు చదువు మానవలసివచ్చెను. కాగితములో రెండేండ్లు కనబడకపోయినచో చదువువారు ఏవేవో ఊహింతురు. ఊహకు తావీయక ఒక్క పంక్తిలో చెప్పుట మేలు: "2020 నుండి 2022 వరకు కుటుంబ పరిస్థితుల వలన చదువు ఆగినది, ఆ కాలములో ఇంటి మగ్గముపై పని చేసినాను." కష్టములన్నియు ఏకరువు పెట్టనక్కర లేదు. జాలి కొరకు వ్రాసిన కాగితము జాలినే తెచ్చును, ఉద్యోగమును తేదు.

నిజము దాటరాదు

లెక్కలు వ్రాయుమన్నాము గదా అని లేని లెక్కలు కల్పింపరాదు. కండెలు మాత్రమే చుట్టినవారు జాకార్డు నేసితిమని వ్రాసినచో, ఇంటర్వ్యూలో బట్ట తెలిసినవాడు ఒక్కడుండి "అంగుళమునకు పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని?" అని అడిగిన క్షణమున అంతయు బయటపడును. ఒక అబద్ధముతో మిగిలిన నిజములన్నియు చెడును. సరిగా జ్ఞాపకము లేనిచో "సుమారు" అని వ్రాయవచ్చును. ఇంటిలోని కూలి పుస్తకము, సంఘపు పాసు పుస్తకము తీసి చూచినచో అసలు లెక్కయే దొరకును. ఆ పుస్తకములను పారవేయవద్దని పెద్దలకు మా మనవి.

వ్రాయకూడనివి

కులము, మతము, తండ్రి ఆదాయము, ఇంటిలోని అప్పులు రెజ్యూమేలో అవసరము లేదు. పెండ్లి సంబంధమునకు వ్రాయు బయోడేటా వేరు, ఉద్యోగమునకు వ్రాయునది వేరు. మనవారు కొందరు ఒకదానినే రెండింటికి వాడుచున్నారు. ఎత్తు, రంగు, నక్షత్రము, గోత్రము ఉద్యోగమునకు పనికిరావు. ఆధారు నెంబరు, పాన్ నెంబరు, బ్యాంకు ఖాతా నెంబరు ఎన్నడును రెజ్యూమేలో వ్రాయరాదు. ఉద్యోగము ఖాయమై, నియామక పత్రము చేతికి వచ్చిన తరువాత అడిగినచో ఇవ్వవచ్చును. అడుగనిదే ఫోటో పెట్టనక్కర లేదు. "సినిమాలు చూచుట, పాటలు వినుట" అను అభిరుచుల వరుస తీసివేసినచో ఆ స్థలములో ఒక మంచి పనిమాట చేరును.

రూపము

క్రొత్తవారికి ఒక పుట, పదేండ్ల అనుభవమున్న వారికి రెండు పుటలు చాలును. రంగురంగుల అంచులు చీరకు అందము గాని రెజ్యూమేకు కాదు. తెల్ల కాగితము, నల్ల అక్షరములు, తేలికగా చదువదగిన పరిమాణము ఉండవలెను. గళ్ళు, బొమ్మలు ఉన్నచో కంప్యూటరు వడపోతలో మాటలు తారుమారగును. వరుస ఇట్లుండవచ్చును:

పేరు, ఊరు, ఫోను, ఈమెయిలు.
రెండు మూడు పంక్తులలో తానెవరో, ఏ పని చేయగలడో.
పని అనుభవము, సంవత్సరములతో, లెక్కలతో.
చదువు, శిక్షణ పత్రములు.
వచ్చిన భాషలు, కంప్యూటరు పరిచయము.
అడిగినచో సాక్ష్యము చెప్పగల ఇద్దరి వివరములు ఇచ్చెదనను మాట.

మన దేశములో చివర "పై వివరములు నిజము" అని వ్రాసి, తేదీ, ఊరు వేసి సంతకము చేయుట ఆచారముగా ఉన్నది. ఉంచినను దోషము లేదు. వ్రాసిన తరువాత ఇంగ్లీషు బాగుగా వచ్చిన ఉపాధ్యాయునికో, అన్నకో, అక్కకో చూపి తప్పులు దిద్దించుకొనవలెను. పంపునప్పుడు పి.డి.ఎఫ్. రూపములో, ఫైలునకు తన పేరు పెట్టి పంపవలెను. వెంట నాలుగు వాక్యముల చిన్న ఉత్తరము ఉండవలెను: ఏ ఉద్యోగము కొరకు, ఎక్కడ చూచి వ్రాయుచున్నాను, నేను ఎట్లు తగుదును, ఎప్పుడు చేరగలను. అంతకంటె పొడవు వద్దు.

సంఘములు చేయదగిన సాయము

తోడి కార్యదర్శులకు ఒక విన్నపము. సభ్యుని కుమారుడు గాని కుమార్తె గాని అనుభవ పత్రము కోరి వచ్చినప్పుడు "మంచివాడు, నెమ్మదస్తుడు" అని వ్రాసి ముద్ర వేసినందువలన ఉపయోగము తక్కువ. సభ్యత్వ నెంబరు, ఆ ఇంటి మగ్గముపై ఏ సంవత్సరము నుండి ఏ సంవత్సరము వరకు ఏ బట్ట వచ్చినదో, నూలు నెంబరు ఎంతయో రిజిస్టరు చూచి వ్రాసి ఈయవలెను. రిజిస్టరులో లేనిది ఎంత దగ్గర బంధువైనను వ్రాయరాదు. సంఘపు ముద్రకు విలువ ఉన్నంత కాలమే ఆ పత్రమునకును విలువ. సాక్ష్యముగా ఎవరి పేరైన ఇవ్వదలచినచో ముందుగా వారి అనుమతి తీసికొనుట మర్యాద. కేంద్ర జౌళి శాఖవారు ఇచ్చిన నేతకారుల గుర్తింపు కార్డు ఉన్నవారు దానిని కూడ ఆధారముగా చూపవచ్చును.

మోసముల విషయము

చివరగా ఒక హెచ్చరిక. రెజ్యూమే పంపిన కొన్ని దినములకు "మీకు ఉద్యోగము వచ్చినది, రిజిస్ట్రేషను రుసుము కట్టుడు, యూనిఫారమునకు డబ్బు పంపుడు" అని ఫోను వచ్చినచో అది మోసమని తలంపవలెను. నిజమైన యజమాని జీతమిచ్చును గాని డబ్బు అడుగడు. ఫోనునకు వచ్చు ఓ.టి.పి. నెంబరును ఎవరికిని చెప్పరాదు. అసలు ధ్రువపత్రములను పోస్టులో పంపరాదు. నకళ్ళు మాత్రమే పంపి, అసలువి ఇంటర్వ్యూలో చూపవలెను. సంస్థ పేరు, చిరునామా విచారించకుండ ఆడపిల్లలను దూరపు ఇంటర్వ్యూలకు ఒంటరిగా పంపవద్దని తల్లిదండ్రులకు మా మనవి.

ఈ సంచిక చేరిన వారములోనే ప్రతి ఇంటను ఒక పని చేయుడు. కూలి పుస్తకము ముందు పెట్టుకొని, తండ్రియు బిడ్డయు కూర్చుండి, పైన చెప్పిన ఆరు ప్రశ్నలకు - ఎంత కాలము, ఏ మగ్గము, ఏ నూలు, ఏ బట్ట, ఎంత పని, ఏమి బాధ్యత - ఒక్కొక్క పంక్తిలో సమాధానము వ్రాయుడు. తల్లి చేసిన పనియు, ఆమె దగ్గర కుమార్తె నేర్చిన పనియు దానిలో చేర్చుడు. రెజ్యూమేలో కష్టమైన భాగము అంతటితో పూర్తియగును. మిగిలినదానికి సంఘ కార్యాలయమునకు వచ్చినచో మేము చేతనైన సాయము చేయుటకు సిద్ధముగా ఉన్నాము. "అనుభవము: లేదు" అను మాట మాత్రము మన పిల్లల కాగితములలో ఇకమీదట కనబడరాదని మా కోరిక.